బోణీ ధర

1958 జూన్‌లో నన్ను తాండూరుకు ధరల పరిశోధకురాలిగా పంపారు. హోదా ఎంత ఘనంగా వినిపించేదో జీతం అంత సన్నంగా ఉండేది. పని మాత్రం తేలిక. వారానికి ఒకసారి, అదే రోజున, అదే వేళకు, అవే దుకాణాలకు వెళ్లి, సరుకుల ధరలన్నీ అడిగి, ఏమీ కొనకుండా తిరిగి రావాలి. అలా చేసే మనిషిని ఏ బజారులోనైనా ఏమని తిడతారో మీకు తెలియనిది కాదు. మా శాఖ ఆ పనికి నెలనెలా జీతమిచ్చేది.

ఆ రోజుల్లో ఈ ఉద్యోగంలో ఆడవాళ్లు లేరు. నన్ను తీసుకోవడానికి కారణం నా తెలివితేటలు కావు. అంతకుముందు తాండూరు నాపరాతి గనుల కూలీల ఇళ్లలో కుటుంబ ఖర్చుల సర్వే జరిగింది. మగ ఉద్యోగులు వెళ్లి ఇంటి ఖర్చు అడిగితే మగవాళ్లు జవాబు చెప్పారు. వాళ్లకు కచ్చితంగా తెలిసింది బీడీల ఖర్చు ఒక్కటే. జొన్నలకెంత, నూనెకెంత, ఇంట్లో చీర కొని ఎన్నాళ్లయింది అని అడిగితే లోపలికి చూసేవారు. లోపలివాళ్లు పరాయి మగవాడి ముందుకు వచ్చేవారు కారు. అప్పుడు మెట్రిక్ పాసైన ఆడపిల్ల కోసం వెతికితే, వికారాబాద్ స్టేషన్‌లో గూడ్స్ గుమాస్తా కూతురినైన నేను దొరికాను. సర్వే అయిపోగానే ఇంటికి పంపేస్తారనుకున్నాను. ఇంతలో తాండూరు ధరలు రాసే యాదగిరి గారికి హైదరాబాదు పెద్దాఫీసుకు ప్రమోషన్ వచ్చింది. ఆ కుర్చీ నాకిచ్చారు. కుర్చీ అన్నది మాటవరసకే, ఉన్నవి ఒక సంచి, ఒక గొడుగు, ఒక కట్ట అచ్చు ఫారాలు.

ఇక్కడ మా విద్య సంగతి కొంచెం చెప్పాలి. కూలీ కుటుంబం మామూలుగా ఏమేం కొంటుందో సర్వేలో తేలుతుంది. ఆ సరుకులన్నిటినీ కలిపి మేం బుట్ట అనేవాళ్లం. నిజానికి బుట్ట ఎవరూ మోయరు, అది కాగితం మీదే ఉంటుంది. ఒక సంవత్సరాన్ని ప్రాతిపదికగా పెట్టుకుని, ఆ ఏడు ఆ బుట్ట ఖరీదు నూరు అనుకుంటారు. తర్వాత అదే బుట్టకు నూటపది పడితే సూచిక నూటపది. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

అయితే బుట్టలో అన్నిటికీ సమానమైన మర్యాద ఉండదు. ఇంటి మొత్తం ఖర్చులో ఒక సరుకుకు ఎంత వంతు పోతుందో దాన్ని ఆ సరుకు భారం అంటారు. జొన్నల భారం ఎక్కువ కాబట్టి వాటి ధర కాస్త కదిలితే చాలు, సూచిక ఉలిక్కిపడుతుంది. దువ్వెన ధర రెట్టింపైనా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. సరుకు రకం కూడా మారకూడదు. పోయిన వారం మేలురకం కందిపప్పు ధర రాసి, ఈ వారం పుచ్చుపప్పు ధర రాస్తే, తగ్గింది ధర కాదు, రాసినవాడి చూపు.

బుట్టలో మగవాళ్ల క్షవరం ఉంది, బీడీల కట్ట ఉంది, కల్లు సీసా ఉంది. ఇరవై ఒక్క ఏళ్ల ఆడపిల్ల గొడుగు చేతపట్టుకుని కల్లు దుకాణం ముందు నిలబడి "సీసా ఎంత?" అని అడిగితే ఊరు ఎలా చూస్తుందో చూసినవాళ్లకే తెలుసు. మంగలి రాజయ్య మొదటి వారం నా జడ వైపు చూసి, ధర చెప్పకుండా కత్తి పక్కన పెట్టేశాడు. రెండు మూడు వారాల తర్వాత ఊరు అలవాటు పడింది. చదువుకున్న ఆడది పంతులమ్మ కాక ఇంకేమవుతుందని అందరూ నన్ను పంతులమ్మా అని పిలవడం మొదలుపెట్టారు.

ఈ సూచికకు అంతకుముందే పేరు మార్చారు. జీవన వ్యయ సూచిక అన్న పాత పేరు తీసేసి వినియోగదారుల ధరల సూచిక అన్నారు. మనిషి బతకడానికి ఎంత కావాలో మేం చెప్పలేం, సరుకుల ధరలు ఎలా మారాయో మాత్రం చెప్పగలం అని దాని భావం. గనుల్లో ఈ రెండు పేర్లూ ఎవరూ పలికేవారు కారు. వాళ్లకది మహంగాయి నంబరు, అంటే ధరల మంటను చెప్పే నంబరు. ఎందుకంటే యజమానులకూ కూలీలకూ ఒక ఒడంబడిక ఉండేది. ఆ నంబరు పెరిగితే కరువు భత్యం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

ఆ నంబరు మీద ఆధారపడ్డ ఇంట్లోనే నేను అద్దెకుండేదాన్ని. ఇల్లుగలామె బాలమ్మ గనిలో బండలు మోసేది. ఆమె భర్త సాయన్న అదే గనిలో రాయి కొట్టీ కొట్టీ, దుమ్ము ఛాతీకి పట్టి, అరుగు మీద దగ్గుతూ కూర్చునేవాడు. సంపాదన ఆమె ఒక్కతిదే. కందిపప్పుకు పేరుమోసిన తాండూరులో ఉంటూ ఆ ఇంట్లో పప్పు ఉడికేది కాదు. జొన్నరొట్టె, కారం, అంతే. పోయిన ఏడు కరువు భత్యం కొంచెం పెరిగినప్పటి నుంచి వారానికి రెండుసార్లు పప్పు వండుతోంది. సాయన్నకు మెత్తటి తిండి పెట్టమని డాక్టరు చెప్పాడు. పప్పు వండిన రోజు ఆమె నడకలో కూడా తేడా కనిపించేది.

నా పని నేను శ్రద్ధగా చేశాను, అందుకే కొంప మునిగింది. ఫారంలో వేళ రాయడానికి ఒక గడి ఉంది. యాదగిరి గారు వారం వారం అక్కడ "ఉదయం" అని రాశారు. కాబట్టి నేనూ ఉదయమే వెళ్లాను. సేట్లు తలుపు చెక్కలు తీసి, నీళ్లు చల్లి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించేసరికి నేను ఎదురుగా ఉండేదాన్ని. మొదటి దుకాణం చెన్నబసప్ప సేటుది. ఆయన ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు, కోపం వస్తే ఉర్దూ మాట్లాడేవాడు. నన్ను చూడగానే "లక్ష్మి లెక్క వచ్చినవ్ బిడ్డా" అని, చిన్న బెల్లంముక్క చేతిలో పెట్టి, నా దగ్గర ఒక నయాపైస తీసుకుని కళ్లకద్దుకునేవాడు. తర్వాత అడిగిన ప్రతి ధరా చకచకా చెప్పేవాడు. తక్కిన సేట్లూ అంతే. ప్రభుత్వ ఉద్యోగి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదని నియమం. పైస ఇచ్చాను కాబట్టి ఫరవాలేదని సమాధానపడి, బెల్లం నములుతూ ధరలు రాసుకునేదాన్ని. ఊరంతా నా మీద ఇంత వాత్సల్యం చూపుతోందని మురిసిపోయాను కూడా.

నా అంకెలు వెళ్లడం మొదలయ్యాక తాండూరు సూచిక తగ్గింది. వికారాబాద్‌లో మా సూపరింటెండెంటు నరహరిరావు గారు, నవ్వు కూడా ఫైలులో పెట్టి పైకి పంపే మనిషి, నన్ను పిలిచి పని శుభ్రంగా ఉందన్నారు. ధరలు దిగివస్తున్నాయని పెద్దాఫీసువారు సంతోషించారట. ధరలు దిగిరావడానికి వానలో పంటలో కారణం కావాలి కదా అన్న ఆలోచన వాళ్లకూ రాలేదు, నాకూ రాలేదు. మెచ్చుకోలు అందుతున్నప్పుడు ఎవరికైనా ప్రశ్నలు తట్టవు.

తుది అంకె రావడానికి ముందు తాత్కాలిక అంకె అని ఒకటి బయటికి వస్తుంది. అది వచ్చిన మరునాడే గని మున్షీ గోడకు కాగితం అంటించాడు. నంబరు తగ్గింది కనుక, తుది అంకె కూడా ఇలాగే వస్తే భత్యంలో కోత పడుతుందని అందులో ఉంది. ఆ సాయంత్రం బాలమ్మ తల మీద చుట్టకుదురు కూడా తీయకుండా నా గది గుమ్మంలో కూర్చుంది. ధరలు తగ్గినయట నిజమేనా అని అడిగింది. నేను రాసిందే కాబట్టి నిజమేనన్నాను. ఆమె నాతో వాదించలేదు. ఇంకెవరితోనో అన్నట్టు, సాయన్నకు పప్పు బంద్ చెయ్యాల్నేమో అంది.

ఆ వారం ధరలు రాసిన రోజే నా గదిలో పప్పు నిండుకుంది. దీపాలు పెట్టే వేళకు చెన్నబసప్ప సేటు దుకాణానికి వెళ్లి సేరు కందిపప్పు ఇమ్మన్నాను. తూచి పొట్లం కట్టి, పొద్దున చెప్పినదానికంటే అణా ఎక్కువ అడిగాడు. పొద్దున అంత చెప్పి ఇప్పుడింత ఎలా అంటారని నిలదీశాను. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"గది బోణీ ధర బిడ్డా. పొద్దుగాల ఆడబిడ్డ వచ్చి అడిగితే ఎక్కువ చెప్పి నోరు ఖరాబ్ చేసుకుంటమా? నువ్వు కొనవని నాకెర్కనే. గందుకే బెల్లంముక్క చేతుల వెట్టి పైస తీసుకుంటున్న."

బోణీ అంటే తెలియనిదాన్ని కాదు. రోజులో మొదటి బేరం చెడితే రోజంతా చెడుతుందని, ఆ ఒక్క బేరాన్ని లాభం చూసుకోకుండా తెంపుతారని వికారాబాద్‌లోనూ చూశాను. కానీ ఊరికే ధర అడగడం కూడా బోణీలో జమ అవుతుందని, అడిగింది పది సరుకులైతే పదింటికీ మెత్తటి ధరే చెబుతారని నాకు తట్టలేదు. వాత్సల్యం అనుకున్నదంతా బోణీ చెడకుండా చేసుకున్న శాంతి అని అప్పుడర్థమైంది. సిగ్గుతో పాటు ఒళ్లు మండిపోయింది. మీరు చెప్పిన ధర సర్కారు లెక్కలోకి పోయిందంటే, సర్కారు కొన్నదా అని ఆయన ఎదురు అడిగాడు. అణా ఎక్కువిచ్చి వచ్చేశాను.

మరునాడు వికారాబాద్ వెళ్లి నరహరిరావు గారికి అంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, నా మాటను చాలా మర్యాదగా కొట్టేశారు. ఆ వాదం మా విద్యకు ప్రాణం లాంటిది కాబట్టి చెప్పి తీరాలి. సూచిక కొలిచేది ధర ఎత్తును కాదు, ధరలో మార్పును. ఇప్పుడు రాసింది బోణీ ధర అయితే, ప్రాతిపదిక సంవత్సరంలో యాదగిరి రాసిందీ బోణీ ధరే, ఆయనా ఉదయమే వెళ్లాడు కదా. రెండు వైపులా ఒకే తక్కువ ఉంటే నిష్పత్తి మారదు. సూచిక తగ్గిందంటే ధరలు తగ్గినట్టే. ఆ మాటలో ఎక్కడా తప్పు లేదు. బయటికి వచ్చి, తాండూరు బండి కోసం స్టేషన్‌లో కూర్చున్నాను.

నేను బండ్ల మధ్య పెరిగినదాన్ని. అక్కడ కూర్చుంటే ఏ బండి ఎప్పుడు ఎటు పోతుందో లోపల దానంతట అదే తిరుగుతుంటుంది. అలా తిరుగుతుంటే ఒక సంగతి ఆయన లెక్కకు అడ్డం పడింది. యాదగిరి గారి కాపురం వికారాబాద్‌లో. వారం వారం తాండూరు వెళ్లి వచ్చేవారు. వికారాబాద్ నుంచి దుకాణాలు తెరిచే వేళకు తాండూరు చేర్చే బండి ఒక్కటీ లేదు. మధ్యాహ్నం దాటాక చేర్చేది ఒకటుంది. ఆయన ఫారంలో రాసిన ఉదయం తాండూరు ఉదయం కాదు, వికారాబాద్‌లో ఇంటి నుంచి బయలుదేరిన ఉదయం.

అంటే ప్రాతిపదికలో ఉన్నది మధ్యాహ్నపు ధర, నేను రాస్తున్నది బోణీ ధర. ధరలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మారింది వేళ. వచ్చిన బండిని వదిలేసి మళ్లీ ఆఫీసుకు పరుగెత్తాను. నరహరిరావు గారు రైల్వే టైంటేబుల్ తెప్పించి, కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశారు. నిబంధనల ప్రకారం సూపరింటెండెంటు అప్పుడప్పుడు స్వయంగా ధరలు అడిగి తనిఖీ చేయాలి. ఆయన ఆ నిబంధనను వాడినట్టు ఎవరికీ గుర్తులేదు. ఈసారి ముందురోజే తాండూరు వచ్చి ట్రావెలర్స్ బంగళాలో బస చేశారు.

ఉదయం ఇద్దరం చెన్నబసప్ప సేటు దుకాణం ముందు నిలబడ్డాం. సేటు అలవాటుగా బెల్లంముక్క అందించాడు. నరహరిరావు గారికి చక్కెర వ్యాధి. పైగా లంచం అన్న మాట కలలో కూడా రానివ్వని మనిషి. చేయి వెనక్కి తీసుకుని, ఏమీ వద్దు, కందిపప్పు ధర చెబితే చాలన్నారు. సేటు ధర చెప్పి, తక్కెడ పైకెత్తి ఆగాడు. కొనడానికి రాలేదు, తెలుసుకోవడానికి వచ్చామని సూపరింటెండెంటు వివరించారు. సేటు ముఖం నల్లబడింది. కన్నడం పోయింది, తెలుగు పోయింది, ఉర్దూ మొదలైంది. పక్క దుకాణాలవాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎవరిచేతా ఒక మాట పడని నరహరిరావు గారు హడావిడిగా పర్సు తీసి సేరు పప్పు కొన్నారు.

తర్వాతి దుకాణంలో జొన్నలు, అవతల ఎండుమిరపకాయలు, ఆ పైన చింతపండు. ప్రతిచోటా బెల్లం వద్దంటారు, కాబట్టి ప్రతిచోటా కొనాల్సి వచ్చింది. మా శాఖలో ఎంతోమంది లెక్కగట్టిన బుట్టను నిజంగా చేత్తో మోసిన అధికారి ఆయనొక్కరే అయి ఉంటారు. నేను నవ్వు ఆపుకోవడానికి గొడుగు తెరిచి అడ్డం పెట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనం చేసి మళ్లీ అవే దుకాణాలకు వెళ్లాం. బోణీలు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి బెల్లం ఊసు లేదు, కోపాలు లేవు. అన్ని ధరలూ పొద్దుటి మీద ఎక్కువ చెప్పారు. నరహరిరావు గారు ముందు తన సంచీ వైపు చూసి, చవగ్గా కొన్నానని కాస్త సంతోషించారు. ఆ వెంటనే అర్థమై గంభీరంగా మారిపోయారు.

మిగిలింది యాదగిరి గారు. ఆయన ఒప్పుకుంటే తప్ప ప్రాతిపదిక ధరలు ఏ వేళవో రుజువు కాదు. హైదరాబాదు పెద్దాఫీసుకు నన్నే పంపారు. దబాయిస్తారనుకున్నాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, నిజం నింపాదిగా చెప్పేశారు.

"పొద్దుగాల పొయ్యి కొనకుండ ధర అడిగితే చెప్పులు ఇసురుతరమ్మా. మొదటి వారం ముందు రాత్రే వచ్చి ఉన్న, గప్పుడే ఎర్కైంది. గప్పటిసంది అన్నం తిన్నంకనే దుకాన్లకు పొయ్యేటోన్ని. కానీ గది రాసిస్తే నా నౌకరీ ఏం గావాలె?"

ఉదయం అని రాసిన ప్రతి వారానికీ ఆయన రోజంతటి ప్రయాణ భత్యం తీసుకున్నారు. భయపడటంలో న్యాయముంది. అయితే భత్యం పోతుందన్న భయం బాలమ్మకూ ఉంది, ఆమెది కాగితం మీద రాసుకున్న భత్యం కాదు, బండలు మోసి తెచ్చుకున్నది. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. చిన్నదానివి, నోరు పెద్దదన్నారు. ఒప్పుకున్నాను. చివరికి దారి చూపింది నరహరిరావు గారే. ఆయన రాసిన నోట్ ఇలా ఉంది: "ప్రాతిపదిక సంవత్సరమున ధరల సేకరణ కార్యము ఉదయమున ప్రారంభింపబడి, భోజనానంతరము పూర్తి గావింపబడెడిది." అందులో అబద్ధం లేదు, ఎవరి మీదా నింద లేదు. ఇంటి నుంచి బయలుదేరడం ప్రారంభమే కదా. యాదగిరి గారు దాన్ని రెండుసార్లు చదివి, ఆనందంగా సంతకం పెట్టారు. అంతవరకు సర్కారీ భాష మీద నాకు గౌరవం ఉండేది కాదు, ఆ రోజు కలిగింది.

తర్వాత కొన్ని వారాలు మధ్యాహ్నమే వెళ్లి ధరలు రాశాను. తాత్కాలిక అంకెను వెనక్కి తీసుకున్నారు. తుది అంకెలో తాండూరు సూచిక తగ్గలేదు సరికదా, పిసరంత పెరిగింది. ఒడంబడిక ప్రకారం భత్యం పెంచడానికి అది చాలదు, కోయడానికి మాత్రం వీల్లేదు. పంతులమ్మ కూలోళ్ల దిక్కు మళ్లిందని గని మున్షీ ఊరంతా చెప్పాడు. నేను మళ్లింది మధ్యాహ్నం దిక్కు, కానీ ఆయనతో వాదించలేదు.

గోడ మీద కాగితం చింపేసిన రోజున బాలమ్మకు జరిగిందంతా చెప్పాను. బోణీ ధర, బెల్లం, సూపరింటెండెంటు గారి సంచి, అన్నీ. కడుపుబ్బా నవ్వుతుందనుకున్నాను. నవ్వింది కూడా. తర్వాత ఒక్కమాట అడిగింది.

"పొద్దుగాల మేమంత బండల కాడ ఉంటం గద పంతులమ్మా. మరి గా ధరకు కొన్నదెవరు?"

ఆలోచించాను. నేను బజారులో తిరిగిన ఆ నెలల్లో, ఫారంలో ఎక్కించిన ఆ ధరకు సరుకు కొనగా నేను కళ్లారా చూసింది నరహరిరావు గారిని ఒక్కరినే. ఆయనకు కరువు భత్యం వేరే ఉంది.

ఆ ఉదంతం నాకు రెండు సంగతులు నేర్పింది. మొదటిది, సూచికకు ఒకే తప్పును ప్రతిసారీ ఒకేలా చేసే బద్ధకస్తుడి వల్ల వచ్చే నష్టం తక్కువ, మధ్యలో వచ్చి ఒప్పు చేసే శ్రద్ధావంతురాలి వల్ల వచ్చే నష్టం ఎక్కువ. రెండోది, దుకాణదారు చెప్పేది ధర కాదు, కొనేవాడు ఇచ్చేది ధర. కూలీల సూచిక కోసం రాయవలసింది కూలీ కొనే వేళకు ఉండే ధర. తర్వాత ఎన్ని ఊళ్లకు బదిలీ అయినా, బజారు ఎక్కడ, దుకాణాలెన్ని అని నేను ముందు అడగలేదు. ఇక్కడి కూలీలు సరుకులకు ఏ వేళకు వస్తారు అని అడిగేదాన్ని. చాలాచోట్ల మా ఆఫీసులో ఎవరికీ తెలిసేది కాదు.